నక్క మూసిన బడి

పుష్యమాసానికి పూసంత వేసంగి అంటారు. మబ్బుగొంది కొండ మీద మాత్రం ఆ పూస కూడా మంచులో పడి కనిపించకుండా పోయేది. అక్కడి జంతువులు చలికాలానికి ఒక కట్టుబాటు పెట్టుకున్నాయి. మంచు కరిగేదాకా ఎవరూ ఎవరినీ తినకూడదు. తరిమి పట్టుకునే ఓపిక కూడా అప్పుడు ఎవరికీ ఉండేది కాదనుకోండి.

తల్లులకి మాత్రం పని తప్పేది కాదు. పైన గడ్డంతా మంచు కింద ఉంటే, మేత కోసం పల్లంలో వాగు దాకా దిగాలి. దిగడానికి ఒక పూట, ఎక్కడానికి ఒక పూట. పిల్లలు అంత దూరం నడవలేవు. అందుకే పాడుబడిన రాతి కొట్టంలో బడి పెట్టుకున్నారు. పంతులు నందయ్య అనే ముసలి ఎద్దు. తెల్లారగానే పెద్ద పెద్ద గిట్టలతో మంచు తొక్కుకుంటూ గడపగడపకీ వెళ్ళేవాడు. ఆ గిట్టల గుంటల్లో అడుగులేసుకుంటూ మేకపిల్లలు, కోడిపిల్లలు, కుందేలు పిల్లలు వెనకాల వరసకట్టేవి. కొట్టం ముందు మంచు మీదే గిట్టతో ‘అ’ రాసి చూపించేవాడు. మర్నాటికి కొత్త మంచు కురిసి అది చెరిగిపోయేది. ఎవరూ తుడవక్కర్లేని పలక! ఎంత వింతో చూడండి.

ఆ కొండ మీద ఉన్నమ్మ అని ఒక గొర్రె. పేరుకే ఉన్నమ్మ గానీ ఒంటి మీద ఉన్ని పలచబడిపోయింది. పోయినేడు పుట్టిన పిల్లని చలి ఎత్తుకుపోయింది. ఈ ఏడు పుట్టినదాని పేరు చిట్టి. కాళ్ళు అగ్గిపుల్లలు, చెవులు ఎప్పుడూ చల్లనే. పగలంతా బడిలో వెచ్చగా ఉంటేనే సాయంత్రానికి దానికి పాలు తాగే ఓపిక ఉండేది. ఉన్నమ్మ వాగు దాకా పోయి మేస్తేనే ఆ పాలు. ఏ ఒక్కటి తప్పినా ఈ పిల్ల కూడా దక్కదు.

నక్క దాలప్ప బొరియ ఆ దారి పక్కనే. చలికి ముడుచుకుని పడుకున్న దాలప్ప రోజూ బడి వైపు చూసేవాడు. గోడ సందుల్లోంచి ఆవిరి పొగలా వచ్చేది.

“ఆ గోడల్లో ఏదో మహత్తు ఉంది. పిల్లకాయలకి అంత వెచ్చని కొట్టం దేనికి? దానిలో నేనొక్కణ్ణే పడుకుంటే ఎంత సుఖం!” అనుకున్నాడు.

దాలప్పకి చదువొచ్చు. అదీ వచ్చిన చిక్కు. ఒక చెట్టు బెరడు మీద బొగ్గుతో నాలుగు ముక్కలు రాసి బడి తలుపుకి తగిలించాడు.

పొద్దున్నే పిల్లల్ని వెంటేసుకొచ్చిన నందయ్య పంతులు ఆ బెరడు చూసి ఆగిపోయాడు. వాగుకి బయల్దేరిన తల్లులు కూడా ఆగారు.

“ఏటి రాసుంది పంతులుగారూ?” అంది కోడి ఎర్నమ్మ.

“మంచు ఎక్కువగా ఉన్నందున బడికి సెలవు. మళ్ళీ చెప్పేవరకు ఎవరూ రాకూడదు. ఇట్లు, పైవారు.”

“పైవారంటే ఎవరండీ?”

నందయ్య తల గోక్కున్నాడు. “పైవారంటే... పైన ఉండేవారు.”

“పైనంతా మంచేగదండీ!”

“ఎర్నమ్మ వదినా, ఎకసెక్కాలకి ఇదా సమయం?” అంటూ దాలప్ప అప్పుడే వచ్చినట్టు వచ్చాడు. “పిల్లల మంచికే కదా రాశారు. ఇంత చలిలో పసివాళ్ళని నడిపిస్తామా? బడికి కాపలా లేదని బెంగపడకండి. కష్టమే గానీ, నేనుంటాలే.”

ఉన్నమ్మ ముందుకొచ్చింది. “పంతులుగారూ, నేను వాగుకి పోకపోతే పాలు పడవు. పోతే పిల్ల ఒంటరిగా చలికి ఆగదు. ఏం చెయ్యమంటారు?”

“నేనేం చెయ్యనమ్మా, రాసి ఉంది.”

“రాసినవాళ్ళకి పిల్లలున్నారా?”

ముప్పై ఏళ్ళు అక్షరాలు చెప్పిన నందయ్య, అక్షరానికి ఎదురు చెప్పడం ఎలాగో తెలియక తల దించుకుని వెనక్కి నడిచాడు. పిల్లలూ అవే గుంటల్లో వెనక్కి నడిచాయి.

సెలవంటే పిల్లలకి మొదటి పూటే పండగ. మంచులో దొర్లారు, ముక్కులు ఎర్రబడ్డాయి, మధ్యాహ్నానికల్లా ఎవరింట్లో వాళ్ళు వణుకుతూ కూర్చున్నారు. ఎర్నమ్మ ఏడు పిల్లల్ని రెక్కల కింద కప్పుకుని, కదిలితే వాటికి చలి, కదలకపోతే తనకి ఆకలి అని లెక్కేసుకుంటూ ఉండిపోయింది. ఉన్నమ్మ సగం దారి దిగి, మనసొప్పక మళ్ళీ ఎక్కి వచ్చింది. మేతా లేదు, పాలూ లేవు. మర్నాడూ అంతే. ఒళ్ళంతా పులిసిపోయింది. పిల్ల చెవులు నాకుతూ, “ఇంకాస్సేపు ఉండమ్మా, ఇంకాస్సేపు” అంటూ కూర్చుంది. దేని కోసం ఉండమంటోందో తనకే తెలీదు.

మరి బడిలో దాలప్ప?

మొదటి రోజు లోపలికి వెళ్ళి నడుం వాల్చాడు. కాసేపటికే నేల నూతి గట్టులా జిల్లుమంది. ఈ మూల నుంచి ఆ మూలకి జరిగాడు. గడ్డి కప్పుకున్నాడు. “ఏమయింది మహత్తు?” అనుకున్నాడు. పంతులు నిలబడే చోట ఉందేమోనని అక్కడ నిలబడ్డాడు. లేదు. చివరికి ఆలోచించి ఆలోచించి, “పాఠం చెబితే పుడుతుందేమో వెచ్చదనం!” అని వల్లించడం మొదలుపెట్టాడు.

మూడోనాడు పొద్దున చిట్టి కళ్ళు తెరవడానికి బద్ధకించింది. ఉన్నమ్మ దాన్ని ముక్కుతో పొడిచి లేపింది. “రాసినవాళ్ళు వచ్చి నా పిల్లని వెచ్చబెడతారా? పద!” అంది. రొమ్ముతో మంచు తోసుకుంటూ దారి చేస్తుంటే, వెనకాల చిట్టి పడుతూ లేస్తూ వచ్చింది. బడి దగ్గరికి వచ్చేసరికి లోపల్నించి గొంతు వినిపించింది.

“అ... అ... ఆ... ఇ... ఇ...” పళ్ళు టకటకలాడుతున్నాయి.

ఉన్నమ్మ తొంగిచూసింది. “దాలప్పా! ఎవరికి చెబుతున్నావయ్యా పాఠం?”

“ఉన్నమ్మక్కా, నువ్వా! ఈ బడి చెడిపోయిందే. ఆ నందయ్య వెళ్తూ వెళ్తూ వెచ్చదనం పట్టుకుపోయాడు.”

ఉన్నమ్మ లోపల అడుగుపెట్టింది. బయట కంటే లోపలే చలి. ఒక్క క్షణం నిలబడింది. ఇరవై మంది పిల్లలు ఒకరినొకరు ఒరుసుకుని కూర్చునే కొట్టం ఇది. ఎంత చిన్న సంగతి, ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదు! ఇక బెరడు సంగతి కూడా అర్థమైంది. అయితే నక్కని సూటిగా అడిగితే నిజం చెబుతుందా?

“అది సరేగానీ తమ్ముడూ, తలుపు మీద ఆ రాత చూసి పంతులుగారు ఒకటే నవ్వు. అన్నీ తప్పులేనట! రాసినవాడు బడి మొహం చూడలేదంటున్నారు.”

దాలప్ప వణుకు ఆగిపోయింది. “తప్పులా? నా రాతలోనా? ఏదీ, ఒక్కటి చూపించమను!”

“ఓహో. నీ రాతేనన్నమాట.”

దాలప్ప తోక ముడుచుకుని మూలకి జరిగాడు.

ఉన్నమ్మ గుమ్మంలో నిలబడి, ఉన్న ఓపికంతా గొంతులోకి తెచ్చుకుని అరిచింది. “ఎర్నమ్మా! పంతులుగారూ! పైవారు దొరికారు, రండి!”

కొండంతా కదిలి వచ్చింది. సంగతి విని ఎర్నమ్మ నక్క చుట్టూ ఒకసారి తిరిగింది. “పైవారంటే ఎంత ఎత్తుంటారో అనుకున్నాను. నా ముక్కుకి అందేలాగే ఉన్నారు!” అని ఒక్క పోటు పొడిచింది.

నందయ్య బెరడు పీకి తొక్కేశాడు. “ఉన్నమ్మా, నాకు చదవడమే వచ్చు. నీకు అడగడం వచ్చు. ఈ మూడు రోజుల పాపం నాది కూడా” అన్నాడు.

“పాపం సంగతి తర్వాత చూద్దాం, ముందు పిల్లల్ని కూర్చోబెట్టండి.”

చిట్టిని నడిమధ్య కూర్చోబెట్టారు. చుట్టూ కుందేలు పిల్లలు, వాటి చుట్టూ మేకపిల్లలు, సందుల్లో కోడిపిల్లలు. గోడవారగా నందయ్య అడ్డంగా పడుకున్నాడు. చాలాసేపటికి ఒకరి ఊపిరి ఒకరికి తగిలి, సందుల్లోంచి ఆవిరి బయల్దేరింది. చిట్టి చెవులు వెచ్చబడ్డాయి. కళ్ళు విప్పి, “మే” అని పాల కోసం అరిచింది. మూడు రోజుల తర్వాత అదే మొదటి అరుపు.

“వస్తానమ్మా, మేసి వస్తాను” అంది ఉన్నమ్మ. కళ్ళు తుడుచుకోవడానికి కూడా తీరిక లేదు. వాగు ఎంత దూరమో అంత దూరమే ఉంది.

“అక్కా, మరి నేను?” అన్నాడు దాలప్ప, పిల్లల మధ్య ఖాళీ వెతుక్కుంటూ.

“పొమ్మనను. చలికి చచ్చిపొమ్మనే నోరు నాకు లేదు. కానీ మధ్యలో కాదు. ఆ తలుపు సందులోంచి గాలి కొడుతోంది చూడు, దానికి వీపు పెట్టుకుని కూర్చో. మంచు కరిగేదాకా అదే నీ చోటు.”

ఉన్నమ్మ కాళ్ళీడ్చుకుంటూ పల్లంలోకి దిగిపోయింది. వీపున ఈదరగాలి, ముఖానికి గోరువెచ్చని ఆవిరి తగులుతుంటే, దాలప్ప ఆ సందుకి అడ్డంగా నోరు మూసుకుని కూర్చున్నాడు.

పదిమంది వెచ్చదనాన్ని ఒక్కడే కప్పుకోబోతే, చివరికి మిగిలేది చలే.