దివానుగారు కారుకు పెట్టిన బొట్టు

వేణుగిరి సంస్థానంలో ఒక ముసలి కారు ఉండేది. విజయదశమినాడు దివాను పేర్రాజుగారు దానికి స్వయంగా ఆయుధపూజ చేసి, కంటికి కనిపించిన మూతకల్లా గంధమూ కుంకుమా దట్టంగా పట్టించి, ఊరేగింపునకు బయలుదేరారు. కోసెడు దూరం పోయేసరికి సంతవీధిలో కారు ఆగిపోయింది. డ్రైవరు మస్తాను ఎంత తిప్పినా ఇంజను గిర్రున తిరుగుతున్నదే గాని అందుకోవడం లేదు.

"టాంకు నిండా పెట్రోలున్నది. పూజ శాస్త్రోక్తంగా జరిగింది. ఇక లోపమంతా నీలోనే ఉన్నది. రేపటినుంచి కొలువుకు రాకు!" అన్నారు దివానుగారు.

అక్కడే నూనె అమ్ముకొనే గవరమ్మ లేచి వచ్చి, టాంకు మూతమీద పేరుకొన్న గంధాన్ని పరికించింది.

"బాబుగారూ, ఈ బండిని నేను కదిలిస్తే మస్తాను కొలువు నిలుపుతారా?"

"నూనె అమ్మేదానివి, నీకు కారు సంగతేం తెలుసు? కదిలించు, తప్పక నిలుపుతాను!" అని దివానుగారు నవ్వారు.

గవరమ్మ తన నూనెడబ్బా వంచింది. నూనె ధారకట్టింది. డబ్బాకున్న రెండో చిల్లును వేలితో మూయగానే ధార ఆగిపోయింది.

"గాలి లోపలికి పోనిదే నూనె బయటికి రాదండి," అంటూ, టాంకు మూతకున్న సన్నని చిల్లులో ఎండిన గంధాన్ని పుల్లతో తీసివేసింది. టాంకు బుస్సుమని గాలి పీల్చుకొన్నది. మస్తాను మళ్ళీ తిప్పగానే కారు గర్జించింది.

"నేను పెట్టిన బొట్టు చెరుపుతావా?" అని దివానుగారు మండిపడ్డారు.

"తమరు మాత్రం బొట్టు నుదుటనే పెట్టుకొన్నారు గాని, ముక్కులో పెట్టుకోలేదు కదండీ!"

సంత అంతా గొల్లున నవ్వింది. మస్తాను కొలువు నిలిచింది. మరుసటి దసరాకు దివానుగారు గంధం గిన్నెతో వచ్చి, మొదట అతణ్ణే అడిగారు:

"దీని ముక్కెక్కడున్నదో చూపించవోయ్!"