కంటి ఫోటోకి సంతకం

డాక్టర్ హైమవతి గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు. ఏదో ఒక పని పురమాయించేవారు. రాజమండ్రిలో ఒక కంటి ఆసుపత్రిలో ఆవిడ దగ్గర చదువుకున్న మా బ్యాచ్ మొత్తంలో, ఈ అలవాటు వల్ల కాళ్ళరిగేలా తిరిగినవాడు ఫణీంద్ర. ఎందుకంటే అందరికంటే ఎక్కువ ప్రశ్నలు అడిగేవాడూ అతనే.

ఆ ఏడు ఫణీంద్ర తన మొదటి వ్యాసం రాశాడు. వెలగలపాలెం రైస్‌మిల్లులో పనిచేసే ఒకావిడ కంట్లో వడ్లపొట్టు పడి, నల్లగుడ్డు మీద పుండు లేచింది. ఆ పుండులో కనిపించిన బూజు చాలా అరుదైన రకం. మొదట గంటగంటకూ, తర్వాత పూటపూటకూ చుక్కలు వేసి, ఆరు వారాల్లో ఆ కన్ను నిలబెట్టారు. గాయమైన మూడో రోజునే వైద్యం మొదలైతే ఇంత మొండి బూజు కూడా లొంగుతుందని ఆ వ్యాసం చెప్పేది. దాన్ని ఒక పెద్ద నేత్రవైద్య పత్రికకు పంపాలని ఫణీంద్ర ఆశ. ఆ పత్రిక నియమాలే ఇరవై రెండు పేజీలు. సారాంశం ఇన్ని మాటలు దాటకూడదు, ఫోటోలు ఇంత స్పష్టంగా ఉండాలి, సంపాదకుడికి ఉత్తరం ఇలా రాయాలి. అన్నీ ఓపిగ్గా చేసుకుంటూ వచ్చి చివరి నియమం దగ్గర ఆగిపోయాడు. ఫోటో వేయాలంటే రోగి సంతకం కావాలి.

హైమవతి గారి గదికి వెళ్ళి అడిగాడు.

"మేడమ్, ఫోటోలో మొహం లేదు, పేరు లేదు. ఒక్క కన్ను. ఒక్క కంటిని చూసి మనిషిని ఎవరు గుర్తుపడతారు? దీనికీ సంతకం ఎందుకు?"

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆదివారం నీకు డ్యూటీ లేదుగా? వెళ్ళి సంతకం తీసుకురా. ఊరికే చోటు చూపించి పెట్టించేయకు. వ్యాసంలో నువ్వు రాసిందంతా తెలుగులో చదివి వినిపించు."

ఆదివారం ఫణీంద్ర రెండు బస్సులు మారి వెలగలపాలెం చేరాడు. కేసు షీట్‌లో 'వీరాయమ్మ, రైస్‌మిల్లు దగ్గర' అని మాత్రమే ఉంది, ఇంటిపేరు మీద ఏదో మందు ఒలికి అలుక్కుపోయింది. మిల్లు ఎదురుగా టీ కొట్టు బల్ల మీద కూర్చుని, సంతకం పెట్టించాల్సిన ఫారం కోసం కాగితాలు బయటికి తీశాడు. టీ గ్లాసు పెట్టడానికి వంగిన కొట్టాయన పైనున్న కంటి ఫోటో చూసి అలాగే ఆగిపోయాడు.

"ఇదేంటండీ బాబూ, మా పిల్లికన్ను వీరాయమ్మ మీ కాగితంలోకెలా వచ్చిందండీ?"

పక్క బల్ల మీది ఇద్దరు లేచి వచ్చారు. "ఏదీ? ఆయ్, ఆవిడేనండి. నల్లగుడ్డులో కిందవైపు తేనెరంగు ముక్క చూడండి. పుట్టుకతో వచ్చిందండి అది." ఇంకొకాయన, "మొన్న పుండు లేచినప్పటి ఫోటో అయ్యుంటుంది పాపం," అన్నాడు.

ఫణీంద్ర చప్పున కాగితం బోర్లించాడు. ఆ ఫోటో కిందే తను రాసిన వాక్యం ఉంది: 'ఈ చిత్రాన్ని బట్టి రోగిని గుర్తించడం సాధ్యం కాదు.' టీ తాగకుండానే ఆవిడ ఇల్లు అడిగి తెలుసుకుని లేచానని తర్వాత మాతో చెప్పాడు.

వీరాయమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. డాక్టరు బాబుని చూసి కంగారుగా లేచి చాప వేసింది. ఫణీంద్ర ముందు టీ కొట్టులో తన వల్ల జరిగిన పొరపాటు చెప్పి, తప్పయిపోయిందన్నాడు. ఆవిడ నవ్వేసింది.

"నా కన్ను ఊరందరికీ తెలుసులెండి. చెప్పా పెట్టకుండా పుస్తకంలో వేసేసుంటే మాత్రం బాధపడేదాన్నండి. ఏం రాశారో చదవండి, వింటాను."

ఫణీంద్ర ఇంగ్లీషు వాక్యాల్ని ఒక్కొక్కటే తెలుగులోకి మారుస్తూ చదివాడు. "రోగి గాయమైన మూడో రోజున ఆసుపత్రికి వచ్చింది. అంతకు ముందు ఏ మందూ వాడలేదు..."

"ఆగండి బాబూ." వీరాయమ్మ చేతిలో పిక్క చేతిలోనే ఉంది. "మూడో రోజు కాదండి. పదకొండో రోజు."

ఫణీంద్ర తలెత్తాడు.

"మా తోటికోడలికి శుక్లం ఆపరేషనప్పుడు ఇచ్చిన చుక్కల మందు సగం సీసా మిగిలిందండి. ఎనిమిది రోజులు అదే వేసుకున్నాను. ముందు ఎర్రదనం తగ్గినట్టే ఉందండి. తర్వాత ముదిరిపోయింది."

ఆ చుక్కలు వాపు తగ్గించేవి; బూజుకు మాత్రం ఎరువు వేసినట్టే. ఫణీంద్ర కాగితం పక్కన పెట్టాడు. "మరి ఆ రోజు నాతో మూడు రోజులని ఎందుకు చెప్పావమ్మా?"

"నా ముందు వరసలో ముసలాయనెవరో ఆకుపసరు పిండుకొచ్చాడని మీరు కేకలేశారు కదండీ. నా వంతొచ్చేసరికి నా పదకొండు రోజులూ మూడైపోయాయండి."

ఫణీంద్ర మొహం చూసి ఆవిడకే జాలేసింది. "అంత కష్టపడి రాసుకున్నారు. పోన్లెండి, మూడనే ఉంచేయండి. నేనెవరికీ చెప్పను. ఎక్కడ పెట్టమంటారు సంతకం?"

ఎన్నో నెలల పని అది. ఆవిడ తప్ప ఈ సంగతి తెలిసినవాళ్ళు లేరు. ఫణీంద్ర జేబులోంచి పెన్ను తీశాడు. 'మూడు' కొట్టేసి 'పదకొండు' అని రాశాడు. తర్వాత పేజీ మార్జిన్లో చుక్కల మందు సంగతంతా ఆవిడ నోటితోనే మళ్ళీ చెప్పించుకుని రాసుకున్నాడు. వీరాయమ్మ ఒక్కటే షరతు పెట్టింది.

"నా కన్ను వేసుకోండి బాబూ, ఫర్వాలేదు. మా తోటికోడలి పేరు మాత్రం ఎక్కడా రాకూడదు. తెలిసిందంటే ఇంట్లో ఉండనివ్వదండి నన్ను."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆవిడ నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కో అక్షరం దిద్దుతున్నట్టుగా సంతకం చేసింది. వెళ్ళేటప్పుడు పాదు నుంచి ఆనపకాయ కోసి చేతిలో పెట్టింది. దాన్ని చంకలో పెట్టుకునే రెండు బస్సులూ ఎక్కాడు.

సోమవారం జరిగిందంతా చెప్పి, "ఒక్క సంతకం కోసం వెళ్ళి వ్యాసం మొత్తం పోగొట్టుకొచ్చాను మేడమ్," అన్నాడు. హైమవతి గారు, "సంతకం అయిందిగా, ఇక రాయి," అన్నారు.

మూడు వారాలు కూర్చుని మొదటి నుంచీ తిరగరాశాడు. ఇంట్లో మిగిలిపోయిన చుక్కల మందు చేతులు మారితే కంటికి ఏమవుతుందన్నది ఇప్పుడు వ్యాసానికి గుండెకాయ. పత్రిక వాళ్ళు రెండుసార్లు ప్రశ్నలతో తిప్పి పంపారు. మూడోసారి, వేసుకుంటామని ఉత్తరం వచ్చింది. ఆ రోజు ఫణీంద్ర డిపార్టుమెంటంతటికీ కాజాలు పంచాడు. మేడమ్ గదిలోకి కాజాల పొట్లం పట్టుకెళ్ళినవాడు అక్కడే నిలబడిపోయాడు. నేనూ ఆ గదిలోనే ఉన్నాను.

"మేడమ్, ఒక అనుమానం. మన రికార్డుల్లో ఇలా కేకలకి జడిసి చెప్పిన మూడో రోజులు ఇంకెన్ని ఉంటాయి?"

హైమవతి గారు కాజా అందుకుని, తలుపు అవతల ఓపీ బెంచీల మీద వరసగా కూర్చున్న జనం వైపు చూశారు.

"వాళ్ళకి బాగోనివి కళ్ళు, ఫణీ," అన్నారు. "చెవులు బాగానే ఉన్నాయి."