గవరమ్మ అడిగిన సాక్ష్యం

రండర్రా, దగ్గరికి జరిగి కూర్చోండి. ఎండలో ఆడి మీరూ అలిశారు, మీ మీద అరిచి అరిచి నేనూ అలిశాను. చిన్న కథే చెబుతాను.

అనగనగా ఒక కొండ కింది ఊరు. ఆ ఊళ్లో గవరమ్మ అనే అవ్వ. ఆమె పెనిమిటి పొద్దుగూకే వేళ ఇత్తడి బూర ఊదితే, కొండమీద మేసే గేదెలు వాటంతటవే దిగివచ్చేవి. ఆ బూర ఎప్పుడూ ఆయన నడుముకే ఉండేది. అవ్వ దాన్ని చేత పట్టి ఎరగదు.

ఆయన పోయాక కోడలు పాత ఇత్తడి చెంబులు కంచరికి ఇచ్చి కొత్త బిందె తెచ్చుకుంది. చిలుము పట్టిన బూర కూడా ఆ చెంబులతో పాటే పోయింది.

ఇక గేదెలు దిగవు. రోజూ అవ్వే కొండెక్కాలి, వెతకాలి, తోలుకురావాలి. చిరుత తిరిగే కొండ. ఒక దూడ పోనేపోయింది. అవ్వ మోకాళ్లు అరిగిపోయాయి.

చివరికి కొత్త బిందె చంకన పెట్టుకుని కంచరి బ్రహ్మయ్య కొట్టుకు వెళ్లింది. "నాయనా, ఇది తీసుకుని నా బూర నాకియ్యి."

బ్రహ్మయ్య కుప్పలోంచి మూడు బూరలు లాగాడు. మూడూ వంకరే, మూడింటికీ సొట్టలే. "నీదేదో నాకేం తెలుసు? ఒకటి ఏరుకో అవ్వా. మిగతావి రేపు కొలిమిలోకే."

అవ్వకు చూపు మసక, చెవి మందం. తప్పు ఏరితే తనది కరిగిపోతుంది.

"ఇది బరువైంది, తీసుకో" అన్నాడు బ్రహ్మయ్య. రెండోదాన్ని చింతపండుతో తోమి చూపించాడు. "పోనీ ఇది? బంగారంలా ఉంది!"

"ఉండు నాయనా. తెలిసినవాళ్లను అడుగుతాను" అని అవ్వ కొండవైపు తిరిగింది.

"గేదెలనా? దున్నపోతు మీద వాన పడ్డట్టే!" పకపకా నవ్వాడు బ్రహ్మయ్య.

అవ్వ బరువైంది ఊదింది. కొండమీద ఒక్క తల లేవలేదు. మెరిసేది ఊదింది. ఒక చెవి కదిలింది, ఈగను తోలుకోవడానికి. అవ్వకు ఆయాసం వచ్చింది. గుమ్మంలో కూలబడి, మిగిలిన ఊపిరంతా మూడోదానిలో పోసింది. అది బొంగురుగా, దగ్గినట్టు మోగింది.

కొండమీద దుమ్ము లేచింది. ముందు చుక్కి అనే ముసలి గేదె, వెనకాలే మందంతా!

చుక్కి వచ్చి అవ్వ భుజం నాకింది. "ఇన్నాళ్లూ ఎందుకు పిలవలేదే? ఎదురుచూసి చెవులు అలిసిపోయాయి."

బ్రహ్మయ్య నవ్వు ఆగిపోయింది. "బూర నీదే అవ్వా" అంటూ బిందె కూడా తిరిగి ఆమె ఒళ్లో పెట్టాడు.

"అమ్మయ్య! ఈ పూట కొండెక్కక్కర్లేదు" అంది అవ్వ.

ఇక లేవండర్రా, ఇళ్లలో అన్నం చల్లారిపోతోంది. మీ అమ్మలు పిలుస్తున్నారు, ఏ గొంతు ఎవరిదో మీకు నేను చెప్పాలా? వస్తువు విలువ దాని బరువులోనూ మెరుపులోనూ లేదు, దాని పిలుపు అందుకునేవాళ్లలో ఉంది.