చివరి లైనులో దూడ ప్రాణం

కాలవగట్టు మీది పశువుల పాకలో ఒక గేదె, దాని దూడ బుల్లోడు ఉండేవి. లేతగడ్డి కనిపిస్తే బుల్లోడు ఆగడు. అతిగా మేస్తే కడుపుబ్బరం. వెంటనే నోట్లో నూనె పట్టకపోతే ప్రాణం మీదికొస్తుంది. పట్టడానికి చేతులున్నది పాక మీది కోతికొక్కదానికే. అది ఊటీ హోటళ్ల చుట్టూ పెరిగింది. చదవడం వచ్చుగానీ ఇంగ్లీషు తప్ప మరో ముక్క అర్థం కాదు.

గేదె పగలంతా మేతకు పోవాలి. అందుకని కాన్వెంటు గోడ పక్క బొరియలో పెరిగిన నక్కను పిలిచింది.

"తమ్ముడూ, నూనె ఎలా పట్టాలో కోతికి ఇంగ్లీషులో రాసిపెట్టు. అన్నిటికన్నా ముందు సంగతి, దూడ తల పైకెత్తకూడదు. ఎత్తితే నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దవడ పక్కనుంచి కొంచెం కొంచెంగా పొయ్యాలి."

"ఓస్, ఇంతేనా అక్కా! నా ఇంగ్లీషు చూస్తే టీచర్లే నోరెళ్లబెడతారు. మరి నాకేంటి?"

గేదె ఎండుచేపల బుట్ట చూపించింది.

నక్క కాగితం నిండా రాసింది. నూనె గొప్పతనం మీద ఒక పేరా. దూడల విశిష్టత మీద ఇంకో పేరా. ఆ తర్వాత, నోరు తెరవబడిన పిదప నూనె పోయబడుట వాంఛనీయమని ఒక పొడుగాటి వాక్యం. ఎవరు పొయ్యాలో, ఎలా పొయ్యాలో లేదు. తల సంగతి మాత్రం అట్టడుగున, చివరి లైనులో. పైన పెడితే వాక్యాల అందం చెడుతుందట! వింటే ఒళ్లు మండదూ?

మర్నాడే బుల్లోడి కడుపు ఉబ్బింది. కోతి కాగితం పట్టుకుని ఒక్కో లైనూ చదువుతూ పని మొదలుపెట్టింది. నోరు తెరవాలని తల పైకెత్తింది. పొయ్యమన్నారు కదా అని సీసా గుమ్మరించింది. దూడ ఉక్కిరిబిక్కిరై కళ్లు తేలేసింది. అప్పటికి కోతి చివరి లైనుకు వచ్చింది. చదివి సీసా పారేసి, దూడ తల వంచి, వీపు చరిచింది. ఎలాగో ఊపిరాడింది.

గేదె వచ్చి, కోతి సైగలతో సంగతి తెలుసుకుని, నక్క మీద విరుచుకుపడింది. "నా బిడ్డను చంపబోయావు కదరా!"

"నేనా? అంతా రాశాను కదక్కా. కింద ఉంది. చూసుకోకపోతే అది కోతి తప్పు."

చేసిన పనికి సిగ్గు కూడా లేదు దానికి! పైగా బుట్టెడు చేపలూ ఒక్క పూటలో మింగేసింది. సాయంత్రానికి తన కడుపే డోలులా ఉబ్బి, మూలుగుతూ పాకకు వచ్చింది.

"అక్కా, కాస్త నూనె పట్టించవూ!"

"దానిదేముంది, నువ్వు రాసిన కాగితముందిగా," అంటూ గేదె మొదటి లైను మీద కొమ్ము ఆనించి కోతికి చూపించింది. కోతి మళ్లీ పైనుంచి ఒక్కో లైనూ చదువుతూ, నోరు తెరవాలని నక్క తల పైకెత్తి సీసా వంచబోయింది.

"వద్దొద్దు! చివరి లైను ముందు చదవమను!"

"ముందు చదవాల్సింది చివర్లో ఎందుకు రాశావురా?"

కోతికి ఈ మాటలేవీ అర్థం కాలేదు. సీసా మూతి నక్క పళ్లకు తగిలింది.

"స్టాప్!" నక్క కేక పెట్టింది. "హెడ్ డౌన్! పోర్ స్లోలీ!"

కోతి టక్కున ఆగింది. తల దించి, పక్కనుంచి నెమ్మదిగా పోసింది.

"ఇప్పుడెలా వచ్చాయిరా ఆ చిన్న చిన్న మాటలు?" అంది గేదె. "నీ గొంతు దాకా వస్తేనే వచ్చాయి. నా బిడ్డ గొంతుకు పనికిరాలేదా?"

ఆ రాత్రే నక్క ఆ మాటలను, అదే వరసలో, లైనుకొకటి చొప్పున రాసి పాక గుంజకు కట్టింది. పాత కాగితాన్ని బుల్లోడు నమిలి, రుచి లేక ఉమ్మేశాడు.

నీతి: దారి చెప్పేవాడు గుంట సంగతి ముందే చెప్పాలి, మనిషి అందులో పడ్డాక కాదు.