చెలమ తవ్వినవాళ్లు

అనగనగా ఒక అడవిలో ఒక ఏరు ఉండేది. వానాకాలంలోనే అది ఏరు, ఎండాకాలంలో ఒట్టి ఇసుక. ఆ ఇసుకలో గుంట తవ్వితే అడుగున నీళ్లూరతాయి. ఆ గుంటనే చెలమ అంటారు. పొద్దున తవ్విన చెలమ సాయంత్రానికి ఇసుక జారి పూడిపోతుంది. మర్నాడు మళ్లీ తవ్వాలి. ఇంటిచాకిరీ లాంటిదే అనుకోండి. చేసినన్నాళ్లూ ఎవరి కంటికీ ఆనదు, మానేసిన రోజున అందరికీ కనబడుతుంది.

ఆ తవ్వకం ఆడ అడవిపందులదీ, ముళ్లపందులదీ. తాగడం మాత్రం ముందు సింహరాజు. తర్వాత ఆయన కొలువులోని నక్కలు. వాళ్లంతా దిగి తొక్కి వెళ్లాక మిగిలిన బురద తవ్వినవాళ్లకి.

"ఈ ఏరు మా తాతలది" అనేవాడు సింహరాజు. ఆ తాతలు ఏటిని ఎక్కడినుంచి మోసుకొచ్చారో ఎవరూ అడగలేదు.

పైడమ్మ అనే అడవిపందికి అయిదుగురు పిల్లలు. చిన్నది బుడ్డి. ఆ ఏడు బురద తాగి తాగి బుడ్డికి జబ్బు చేసింది. లేచి నిలబడలేకపోయింది. పైడమ్మ గుండె దిటవు చేసుకుని కొలువుకి వెళ్లింది.

"దొరా, రేపటినుంచి మా పిల్లల్ని ముందు తాగనివ్వండి. తవ్వేది మేమే కదా!"

సింహరాజు ఆవులించాడు. పక్కనున్న మంత్రినక్క నవ్వింది.

"నీళ్లేం ఖర్మ పైడమ్మా! ప్రభువులు నీకు ఏకంగా బిరుదే ఇస్తున్నారు. ఇవాళ్టినుంచి నువ్వు ఏటితల్లివి. తల్లి అన్నాక పిల్లలకి పెడుతుంది గానీ, ఇలా అడుగుతుందా?"

పైడమ్మ ఇంటికొచ్చింది.

"అమ్మా, నీళ్లేవే?" అంది బుడ్డి.

బిరుదుని పిల్ల నోట్లో పొయ్యడం ఎలాగో పైడమ్మకి తెలియలేదు.

ఇంతలో ముళ్లపంది ఈరమ్మ ముళ్లు లేపుకుని వచ్చింది. "ఏమే పైడమ్మా! మీ పందులు చాటుగా తాగేస్తున్నాయట! అందుకే మాకు బురద మిగులుతోందట!"

"ఎవరు చెప్పారొదినా?"

"మంత్రినక్క."

"మాకేమో మీరే తాగేస్తున్నారని చెప్పింది."

ఇద్దరూ ఒకరి మూతి ఒకరు చూసుకున్నారు. రెండు మూతులకీ బురదే. ఈరమ్మ ముళ్లు మెల్లగా వాలిపోయాయి.

"వదినా, రేపు మనం తవ్వకపోతే?" అంది పైడమ్మ.

"బతకనిస్తారా?"

"ఇప్పుడు మాత్రం నా బుడ్డి బతుకుతోందా? అందరం ఒక్కచోట నిలబడదాం. బయట మీ ముళ్లు, వెనక మా కోరలు, మధ్యలో పిల్లలు."

"మరి దాహం?"

"గుట్టకింద నీటిదుంపలున్నాయిగా! మూడు రోజులకొస్తాయి. భూమి తవ్వడం మనకొచ్చు. వాళ్లకి రాదు."

మొదటి దుంప బుడ్డికి పెట్టారు.

మర్నాడు సింహరాజు ఏటికొచ్చాడు. చెలమ లేదు.

"దానిదేముంది ప్రభూ, చిటికెలో పని!" అంది మంత్రినక్క. నిలువుగా తవ్వింది. ఇసుక జారింది. ఇంకా తవ్వింది. ఇంకా జారింది. చివరికి తోక ఒక్కటి బయట మిగిలింది. మిగతా నక్కలు ఆ తోక పట్టుకుని లాగాయి.

రెండోరోజు సింహరాజే తవ్వాడు. పంజాతో ఎంత తీస్తే అంత పూడింది. పుట్టిన దగ్గర్నుంచీ నిండిన చెలమనే చూసినవాడు. చెలమ అంటే అలాగే ఉంటుందనుకున్నాడు పాపం! నాలుక పిడచకట్టింది.

మూడోరోజు ఇంటికెళ్లి గర్జించాడు. "వెళ్లు! ఆ పందుల్ని చీల్చి పారెయ్!"

అతని భార్య ఆడసింహం కదల్లేదు.

"వేట నాది, మొదటి ముద్ద నీది. ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను. అక్కడ ఆ ముళ్లలో దూకేదీ నేనేనా? అంత కోపముంటే నువ్వే దూకు. వాళ్లని చంపాక చెలమ ఎవరు తవ్వుతారయ్యా, నీ తాతలా?"

అటు గుట్టకింద దుంపలు అయిపోయాయి. చివరిది బుడ్డి నోట్లో ఉంది. సింహరాజు రావడం చూసి ముళ్లపందులు ముళ్లు విప్పాయి. ఒక్కరూ వెనక్కి తగ్గలేదు.

సింహరాజు ఆగిపోయాడు.

"ఏం కావాలి మీకు?" అన్నాడు ఎండిన గొంతుతో.

"పిల్లలు ముందు" అంది పైడమ్మ. "తర్వాత తవ్వినవాళ్లు. తాగాలనుకున్నవాళ్లు ఎవరైనా సరే, తవ్వి తాగాలి."

"నేనూనా?"

"మీకూ నాలుగు కాళ్లున్నాయిగా దొరా!" అంది ఈరమ్మ.

అందరూ ఏటికి వెళ్లారు. ఆడసింహం అందరికంటే ముందు ఇసుకలో కాలు పెట్టింది. మంత్రినక్క మళ్లీ బిరుదుల మాట ఎత్తబోతే, దాని ముందున్న ఇసుక చూపించి తవ్వమన్నారు. కాసేపటికి అడుగున తేటనీరు ఊరింది. బుడ్డి తూలుతూ వెళ్లి మూతి ముంచింది. కడుపునిండా తాగింది. తలెత్తి చూస్తే సింహరాజు పక్కనే నిలువుగా తవ్వుకుంటూ అవస్థ పడుతున్నాడు.

"అలాక్కాదు తాతా! వెడల్పుగా, ఏటవాలుగా తవ్వాలి" అంది బుడ్డి.

నీతి: చాకిరీ చేసేవాళ్లకి కావలసింది బిరుదులు కాదు, తమ పని ఫలంలో తమ వాటా. ఒకళ్లు అడిగితే నవ్వేవాళ్లు, అందరూ కలిసి పని ఆపితే వింటారు.