కొంగ స్థానికతకు గేదె సాక్ష్యం

ఈ కథ నాకు మొదట చెప్పింది బాతులు తోలుకునే పోలమ్మ. ఆమె చెప్పినట్టే చెబుతున్నాను, ఒక్క ఈక కూడా కలపలేదు.

తుంగమడుగులో పక్షులకు చేపలవేట నేర్పే కళాశాల ఉండేది. పెద్దపంతులు తాబేలు, గుమాస్తా నక్క. మడుగు పిల్లలకు ఫీజు రోజుకో చేప, పైవాళ్లకు పది. మిగతా తొమ్మిదీ ఎటు పోయేవో నక్క మూతి వాసన చూస్తే తెలిసేది.

కొంగ ఒకటి సముద్రం దాటి, ఒంటెల వీపుల మీద నెత్తురు పీల్చే గోమార్లు ఏరే పనికి పోయి, నాలుగేళ్లకు తిరిగొచ్చింది. కూతురిని చేర్చబోయింది.

"ఎక్కడివాడివయ్యా?" అంది నక్క.

"ఈ మడుగువాణ్నే గుమాస్తాగారూ. అదిగో నా గూడు."

"గూడు ఎవడైనా కడతాడు. కాళ్లకు ఎడారి ఇసక, ఒంటికి ఒంటె కంపు! పోకముందు ఏడేళ్లు ఇక్కడే ఉన్నట్టు సాక్షి కావాలి."

"కప్పలు చెబుతాయండీ."

"నిన్ను చూస్తే కప్పలు మునుగుతాయి గానీ మాట్లాడతాయా?"

కొంగపిల్ల తండ్రి రెక్క కింద దూరింది. "నాన్నా, రోజుకు పది చేపలు పట్టడం వస్తే నాకు కళాశాల ఎందుకు?"

"సాక్షిని నేనే తెస్తాలే" అని నక్క బురదలోని ముసలి గేదెను లేపుకొచ్చింది. కొంగ పేరెత్తితే కొమ్ములు విసిరే గేదె అది. ఇక కొంగ పని అయినట్టేనని నక్క తోక ఊపుకుంది.

"పిన్నీ, ఈ కొంగను నువ్వెరగవు కదూ?"

"ఎరగకపోవడమేంట్రా! విశ్వాసంలేని పక్షి! నా తొలి ఈత నాడు వీపెక్కాడు. ఎనిమిది ఈతలు, ఎనిమిది దూడలు, అన్నాళ్లూ నా గోమార్లు తినే బలిశాడు. ఒంటెలు కనబడగానే ఎగిరిపోయాడు! నేను వీపు రుద్దీ రుద్దీ తుమ్మచెట్టు వంగిపోయింది!"

"చాల్చాలు పిన్నీ."

"ఏం చాలు? పిలిచింది నువ్వేగా! నాలుగో ఈతప్పుడు మడుగెండి అందరూ పోతే వీడొక్కడే నా వీపు మీద. నిద్రపోనిచ్చాడా? అయిదో ఈత గాలివానకి..."

దారినపోయే కంపను కాలికి తగిలించుకున్నట్టయింది నక్కకి.

తాబేలు మెడ చాపింది. "ఈతకూ ఈతకూ మధ్య ఏడాదికి తగ్గదు. ఎనిమిది ఈతలంటే ఏడేళ్లు నిండాయి. గుమాస్తా, రాసుకో. పిల్ల మడుగుపిల్లే."

నక్క తన చేత్తోనే రాసి, తన చేత్తోనే ముద్ర గుద్దింది. ఆ పూట దానికి చేప తోక కూడా దక్కలేదు.

"ఆరో ఈత సంగతి ఇంకా చెప్పలేదు!" అని రంకె వేసింది గేదె.

"చెప్పు వదినా" అంటూ కొంగ దాని వీపెక్కి గోమార్లు ఏరసాగింది.

నీతి: వీడు మా ఊరివాడే అనడానికి ముద్ర కన్నా పొరుగువాడి తిట్టు గట్టిది.

మా బడిగోడ మీద ఈ కథ బొమ్మ వేయించినవాళ్లు గేదె బదులు గాడిదను వేయించారు. ముప్పై ఏళ్లయింది, వాళ్లు మరిచారు, నేను మరవలేదు. కుంచె పట్టడం వచ్చినవాళ్లెవరైనా ఆ చెవులు చెరిపి కొమ్ములు పెట్టండి.