కోడి గెలికిన రాత

అనగనగా ఒక అడవి ఉండేదర్రా. ఆ అడవిలో జంతువుల పిల్లలన్నీ బడికి వెళ్లేవి. ఎందుకో తెలుసా? అక్కడ వేటగాళ్లు ఉరులు పన్నేవాళ్లు. ఉరి ఎవరి కంటబడినా, ముందు దాని పక్కన తడిమట్టిలో "ఇటు రావద్దు" అని రాయాలి. ఆ తర్వాతే నలుగురినీ పిలవడానికి పరుగెత్తాలి. అది ఆ అడవి కట్టుబాటు. అక్షరం ఎంత చిత్రమైనదో చూడండి! రాసినవాడు వెళ్లిపోయినా, అది అక్కడే నిలబడి మాట్లాడుతుంది.

సింగారి అనే కోతికి ఒక్కగానొక్క కొడుకు, బుడంకాయ. వాడి రాత చూడాలి! అక్షరం ఒకచోట, తలకట్టు ఇంకోచోట. ఒక వరస కొండెక్కితే ఇంకో వరస బావిలోకి దిగేది.

"వీడి చేత ఇంట్లో కాస్త దిద్దించమ్మా" అన్నాడు ముంగిస పంతులు.

దిద్దించడమా? సింగారికి పేలు చూసుకోవడానికే పొద్దు చాలదాయె! "తప్పు నా కొడుకుది కాదు, కలానిది" అని తేల్చేసింది. ఏదుపందిని బతిమాలి, నిగనిగలాడే ముల్లు తెచ్చి కలం చేసింది. రాత మారలేదు.

"అయితే తప్పు సిరాది" అంది. నేరేడు పళ్లు పిండి సిరా చేసింది. అందులో సగం బుడంకాయ తాగేశాడు. మూతి నీలమైంది. రాత మాత్రం మారలేదు.

ఇక ఆ మహాతల్లికి గొప్ప ఉపాయం తట్టింది. "ఇలా తేరా" అని, వాడి బదులు తనే రాసి బడికి పంపడం మొదలుపెట్టింది. పంతులుకి చత్వారం. "ఆహా, ముత్యాల్లా ఉన్నాయి!" అన్నాడు. ఆ మాట సింగారి కొమ్మకొమ్మకీ ఎక్కి చాటుకుంది. రాసిందెవరో మాత్రం చెప్పలేదు.

పక్క పొదలో పుల్లక్క అనే అడవికోడి ఉండేది. చూసి చూసి, ఉండబట్టలేక అంది.

"సింగారీ, రోజూ కాసేపు వాణ్ణి ఇసకలో కూర్చోబెట్టు. నువ్వు పెద్దగా రాసి, దాని మీదే వేలితో దిద్దించు. ఒకటి గుండ్రంగా వచ్చాకే ఇంకోటి. కసురుకోకు. నా పిల్లలు అలాగే నేర్చుకున్నాయి."

సింగారి పళ్లికిలించింది. "ఓసి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! రాత బాగోకపోతే కోడి గెలికినట్టుంది అంటుంది లోకం. ఆ కోడివి నువ్వే కదటే! నువ్వా నాకు చెప్పేది?"

"నీ ఇష్టం తల్లీ" అంది పుల్లక్క.

ఒకరోజు బుడంకాయ ఒంటరిగా వాగు దగ్గరికి వెళ్లాడు. అక్కడ ఆకుల కింద ఉరి కనిపించింది. పాపం, వాడికి కట్టుబాటు తెలుసు. మట్టిలో వేలితో రాశాడు. వెంటనే అందరినీ పిలవడానికి పరుగెత్తాడు.

కొడుకును వెతుక్కుంటూ సింగారి వేరే దారిన అటే వచ్చింది. మట్టిలో గీతలు చూసింది.

"ఛీ ఛీ! ఆ పుల్లక్క సంతానం కాబోలు, దారంతా గెలికి పోయాయి!" అని నవ్వింది. ఆ గీతల మీదే కాలేసి దాటింది.

చటుక్కున ఉరి బిగిసింది. సింగారి కొమ్మకు తలకిందులుగా వేలాడింది.

అంతలో బుడంకాయ పుల్లక్కతో సహా అందరినీ వెంటబెట్టుకొచ్చాడు. తల్లిని చూసి గొల్లుమన్నాడు. "అమ్మా, రాశాను కదే! చూడలేదా?"

"ఎక్కడ రాశావురా?"

"నీ కిందే!"

సింగారి చూసింది. ఇందాక తిన్నగా చూసినా, ఇప్పుడు తలకిందులుగా చూసినా, ఆ రాత ఒక్కలాగే ఉంది! పుల్లక్క ముందు ఇంకేం నవ్వుతుంది?

వచ్చినవాళ్లలోంచి ఒక ఎలుక తాడు కొరికింది. సింగారి ధబ్బున పడింది. మర్నాడు కుంటుకుంటూ పుల్లక్క పొద దగ్గరికి వచ్చింది.

"అక్కా, వీడి చేత నువ్వే దిద్దించవూ?"

"మీ ఇంటి ముందు ఇసక లేదూ? ముందు నువ్వు కూర్చో. వాడే వచ్చి నీ పక్కన కూర్చుంటాడు."

సింగారి పేల సంగతి పక్కనపెట్టి, ఇసకలో చతికిలబడింది. "ఇటు రావద్దు" అని పెద్దగా రాసింది. బుడంకాయ వచ్చి, తల్లి ఒడికి ఆనుకుని, దాని మీద మెల్లగా వేలు పెట్టాడు.

నీతి: కలాన్ని తిడితే రాత కుదరదు, పక్కన కూర్చుని ఓపికగా దిద్దిస్తేనే అది అక్కరకొస్తుంది.